జర్మనమ్మ ఇంట్లో ఒక ఫోటోకు తేదీ

జర్మనమ్మ ఇల్లంటే నాకు పన్నెండేళ్ళపాటు అసూయ ఉండేది. అప్పట్లో దాన్ని అసూయ అనుకోలేదు. పద్ధతి లేని మనుషుల మీద చిరాకు అనుకునేవాణ్ణి.

ఆమె భర్త డెబ్బైల మొదట్లో నాచారంలోని మా ఫ్యాక్టరీకి మిషన్లు బిగించడానికి జర్మనీ నుంచి వచ్చిన ఇంజినీరు. రెండేళ్ళ కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను అదే ఫ్యాక్టరీలో స్టోర్స్ గుమాస్తాగా చేరి, స్టోర్స్ సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఆయన పోయాక ఆమె తిరిగి వెళ్ళిపోతుందనుకున్నాం. వెళ్ళలేదు. పెద్దకూతురు భువనగిరి వైపు అబ్బాయిని చేసుకుని తల్లితోనే ఉండేది. నేను రిటైరయ్యాక మేం చేరిన వీధిలో, మా ఇంటికి వాళ్ళది మూడో ఇల్లు.

ప్రతి ఆదివారం నాలుగింటికి వాళ్ళింట్లో కాఫీ, జామకాయలతో చేసిన కేకు. ఆ తర్వాత బిస్కెట్ల రేకుడబ్బా తెచ్చి బల్ల మీద పెట్టేవారు. అందులో ఫోటోలు. చూడకుండా చెయ్యి పెట్టి ఒకటి తియ్యాలి. ఎవరి చేతికొస్తే వాళ్ళే దాని కథ చెప్పాలి. చెబుతున్నంతసేపు ఎవరూ అడ్డు రాకూడదు. అయిపోయాక, చెప్పిన దాంట్లోంచి ఒక్క వాక్యం ఫోటో వెనక పెన్సిలుతో రాసేవారు. కొన్నిటి వెనక జర్మన్, కొన్నిటి వెనక తెలుగు.

పెన్నుతో ఎందుకు రాయరని జర్మనమ్మను ఒకసారి అడిగాను.

"మళ్ల జెప్పేటప్పుడు మారుతది గద సార్" అంది, అదేదో మామూలు సంగతైనట్టు.

మారే దాన్ని రాయడం ఎందుకో నాకు అర్థం కాలేదు. నేను పద్దెనిమిదో ఏట నుంచి డైరీ రాస్తున్నాను. ఒక్క రోజు మానలేదు, ఒక్క అక్షరం కొట్టెయ్యలేదు. అన్నీ సంవత్సరాల వారీగా బీరువాలో ఉన్నాయి. వాటిని చూపించమని అడిగినవాళ్ళు లేరు. మా ఆవిడ మాత్రం ఆదివారం మూడున్నరకే తల దువ్వుకుని వాళ్ళింటికి వెళ్ళేది. వచ్చాక చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఆ కథలన్నీ నాకు చెప్పేది. జర్మనమ్మ అమ్మమ్మ యుద్ధంలో ఊరు వదిలి వచ్చేటప్పుడు కుట్టుమిషను తలకాయ ఒక్కటీ దుప్పట్లో చుట్టి చంటిపిల్లలా మోసుకొచ్చిందని నాకు అలాగే తెలిసింది. మా తాతగారి పేరు అడిగితే మాత్రం మా ఆవిడ కాసేపు ఆలోచించేది.

"నా డైరీలు కూడా ఉన్నాయి కదా" అన్నాను ఒకసారి.

"ఉన్నాయండీ. ఎండ, వాన, మీ జలుబు, కరెంటు పోయిన టైము. ఒక్క మనిషన్నా నోరు విప్పుతాడా అందులో?"

ఇంకో సంగతీ ఉంది. అవి రాష్ట్రం వస్తుందా రాదా అని టీకొట్టు దగ్గర కూడా తేల్చేసుకునే రోజులు. జర్మనమ్మ అల్లుడు బడిపంతులు, సరదా మనిషి. ఒక ఆదివారం అందరి ముందూ, "రాష్ట్రమొస్తే మా అత్తకేం ఫికర్ లేదు సార్, ఆమె పక్కా లోకల్. మీ సంగతే జర సోంచాయించాలె" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తెనాలి నుంచి నేను ఆమెకంటే ఒక ఏడాది ముందే వచ్చాను. నాలుగు దశాబ్దాలైనా కూరగాయల బండివాడికి నేను ఆంధ్రా సార్‌నే. ఆమె మాత్రం అందరికీ అమ్మ.

ఉప్పల్ చౌరస్తాలో మెట్రో పిల్లర్లు లేస్తున్నప్పుడు పెద్దకూతురు మా ఇంటికి వచ్చింది.

"అమ్మ ఇప్పుడిప్పుడే మర్సిపోతున్నది అంకుల్. ఈ కథలన్నీ ఫోటోలతోని పుస్తకం జేస్తున్నం, ఇక్కడోళ్ళకూ జర్మనీల ఉన్నోళ్ళకూ. ఫ్యాక్టరీ ఫోటోలకు తేదీల్లేవు. మీ డైరీలల్ల దొరుకుతయా?"

నా డైరీలను ఒకరు అడగడం అదే మొదటిసారి. పది రోజులు కూర్చుని, పద్నాలుగు ఫోటోలకు వరసగా తేదీలు రాసిపెట్టాను.

వాటిలో ఒకటి ఆ ఇంటికి ప్రాణం లాంటిది. దండ వేసి కుంకుమ పెట్టిన మొదటి మిషను, పక్కన భుజాలు విరుచుకుని ఆమె భర్త. అంచున ఒక మోచెయ్యి. ఆ మోచెయ్యి నాది, వాళ్ళ కథలో అది ఎవరిదీ కాదు. కథేమిటంటే, మిషను మొదటిసారి నడిచిన రోజే పెద్దకూతురు పుట్టింది. మిషన్ దగ్గర చిక్కుకుని తండ్రి పురుటికి అందలేదు, రాత్రి ఎనిమిదికి గ్రీజు చేతులతో దవాఖానాకు వచ్చాడు. "మిషన్ నా కవల" అనేది కూతురు.

నా డైరీ ప్రకారం మిషను నడిచింది ఆమె పుట్టిన పంతొమ్మిది రోజులకు. కళ్ళజోడు తుడుచుకుని రెండోసారి చూశాను. అప్పుడు కలిగిన సంతోషం గురించి అబద్ధం చెప్పలేను. పన్నెండేళ్ళ కాఫీలకూ కేకులకూ అదొక్కటే నా జవాబు అనిపించింది. ఎవరికీ చెప్పకుండా ఆదివారం దాకా ఆగాను.

ఆ రోజు మా ఆవిడతో పాటు డైరీ పట్టుకుని వెళ్ళాను. ఆ ఫోటో కోసం డబ్బాలో వెతకనక్కర్లేకపోయింది. పుస్తకం కోసం విడిగా పెట్టారు. జర్మనమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని కథంతా చెప్పింది. ఆమె ముగించేదాకా ఆగి, "ఆ రోజు మిషను నడవలేదమ్మా" అన్నాను. "పంతొమ్మిది రోజుల తర్వాత నడిచింది. ఇదిగో."

"జానేదో సార్, పంతొమ్మిది దినాలకు ఏమైతది" అన్నాడు అల్లుడు.

జర్మనమ్మ డైరీలో అంకెల మీద వేలు పెట్టి చదువుకుంది. తలెత్తి నన్నే అడిగింది.

"మరి ఆ పొద్దు మా ఆయన యాడ వోయిండు సార్?"

డైరీ మూసి నా వైపు జరిపింది.

"నాకు పొద్దుగాలనే నొప్పులు మొదలైనయి. ఆయన రాత్రికి వచ్చిండు. మిషన్ పని అన్నడు. నలభై ఏండ్లసంది నేను గదే జెప్తున్న."

కూతురు తల్లి చేతిలోంచి ఫోటో తీసుకుని డబ్బాలో పెట్టి మూత వేసింది.

తిరిగి వస్తూ మా ఆవిడ మా గేటు దగ్గర ఆగింది. "ఈ వయసులో ఆవిడ పోయిన మొగుణ్ణి అనుమానించాలా?" అంది.

"ఉన్న నిజం చెప్పాను."

"మిషను నడిచిన రోజు చూశారు సరే. ఆ పిల్ల పుట్టిన రోజు పేజీలో ఏముందో చూశారా?"

చూడలేదు. ముప్ఫై ఏళ్ళు ప్రతి సరుకునూ రెండు చోట్ల సరిపోల్చుకున్నవాణ్ణి, నేను గెలిచే పేజీ ఒక్కటే తెరిచాను.

లోపలికి వెళ్ళి ఆ పేజీ తీశాను. "ఉ. 8.30 జర్మన్ ఇంజినీరుతో మౌలాలి గూడ్స్ షెడ్డు. మిషను పెట్టెలు 6. సీళ్ళు విప్పి సరిచూచుట. సా. 6.45 పూర్తి. ఎండ జాస్తి." అంతే ఉంది. రాయనిదంతా దాన్ని చూస్తుండగా గుర్తొచ్చింది. ప్రతి సీలు విప్పేటప్పుడూ ఇంజినీరు సంతకం ఉండాలన్నది మా నియమం. మధ్యాహ్నానికి మూడు పెట్టెలయ్యాయి. భార్య ఆసుపత్రిలో ఉంది, పోతానన్నాడు. మిగిలిన మూడూ మర్నాడు విప్పుకోవచ్చు. కాని ఒకే జాబితాకు రెండు తేదీలు పడతాయి. నా జాబితాల్లో ఎప్పుడూ అలా పడలేదు. అయ్యాక వెళ్ళమన్నాను. ఆయన కొత్తవాడు, ఇక్కడి రూలు మీరకూడదనుకున్నాడో ఏమో, పెట్టె మీద కూర్చున్నాడు.

వారమంతా ఒక మాట తయారుచేసుకున్నాను: ఆయన నాతోనే ఉన్నాడు, మిషను పని మీదే. అది నిజం. ఆయనకూ మచ్చ ఉండదు, నాకూ ఉండదు.

ఆదివారం వెళ్ళి ఆ మాటే చెప్పి పేజీ చూపించాను. జర్మనమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో ముఖం తుడుచుకుంది. "గదీ. నేనన్న గద" అన్నాడు అల్లుడు. అక్కడితో సరిపోయేది. జర్మనమ్మ డబ్బాలోంచి ఆ ఫోటో తీసి నా చేతిలో పెట్టింది.

"మీ చేతికొచ్చింది సార్. జెప్పుండ్రి."

వాళ్ళ బల్ల దగ్గర చెప్పేవాడికి ఎవరూ అడ్డు రారు. ఎవరూ సాయానికి కూడా రారు. నేను ఆపే చోటు కోసం వెతుక్కున్నాను, దొరకలేదు. మధ్యాహ్నం సంగతీ, జాబితా సంగతీ అన్నీ చెప్పాను.

"ఒక్కసారే అడిగిండా?" అంది జర్మనమ్మ.

"రెండు సార్లమ్మా. నాలుగింటికి ఏమీ అనలేదు. చేతి గడియారం నాకేసి తిప్పి చూపించాడు."

"మీరేమన్నరు?"

"ఇంకా రెండే పెట్టెలు అన్నాను."

ఆమె నా చేతిలోని ఫోటోలో మిషను వంక చూసింది. "గిన్నేండ్లు ఆ మిషన్‌ను తిట్టుకున్న" అంది. "పాపం, అది అప్పటికి పెట్టెలనే ఉండె."

అల్లుడికి నవ్వొచ్చి కప్పు అడ్డం పెట్టుకున్నాడు. మా ఆవిడ నవ్వలేదు. ఫోటో ఇంకా నా చేతిలోనే ఉంది. ఇన్నేళ్ళూ ఆ బల్ల దగ్గర నాకూ ఒక కథ ఉండాలని కోరుకున్నాను, అది దొరికింది.

కూతురు నా పక్కకు వచ్చి కూర్చుని ఫోటోలో తండ్రి ముఖం కేసి చూసింది.

"మీరు పోనిస్తే నాన్న నన్ను పుట్టంగనే సూస్తుండె కదా అంకుల్" అంది. గొంతులో కోపం లేదు, పుస్తకంలో ఎలా రాయాలో అడుగుతున్నట్టుంది.

"చూసేవాడమ్మా" అన్నాను. "మధ్యాహ్నం బయల్దేరితే రెండింటికల్లా అక్కడుండేవాడు."

"నేను పుట్టింది ఐదింటికి" అంది ఆమె.