కోడలి చేతి ఉప్పు

జొమ్‌రే అవ్వకు ఉన్నది ఒకటే జబ్బు. తమ ఇంటి కిమ్చి ఊరగాయ పాడైపోయిందని వాడంతా చాటడం. తొంభై ఒక్క ఏళ్ళు బతికి, ముగ్గుర్ని కని, ఏడుగురు మనవల్ని వీపున కట్టుకుని మోసి, మొన్నమొన్నటిదాకా కొరియాలోని మొక్‌పో కొండవాడలో నూట పన్నెండు మెట్లు ఎక్కి దిగిన మనిషి. ఆమె గురించి చెప్పుకోడానికి మంచి మాటలు బోలెడు. కోడలు యున్‌సిల్‌ను మాత్రం అడగకండి. ఆమెకు ఒళ్ళు మండుతోంది.

మండదా మరి. ఏటా చలి మొదలవగానే అవ్వ నూట ఇరవై క్యాబేజీలు తెప్పించేది. ఇంట్లో తినేది ఐదుగురు. వాటిని నిలువునా చీల్చి, ఆకు ఆకుకీ ఉప్పు పట్టించి, తెల్లారకముందే లేచి తిరగేసి, మూడు నీళ్ళలో కడిగి ఓడ్చేది యున్‌సిల్. కారం, వెల్లుల్లి, రొయ్యల ఊట కలిపిన ముద్ద పూయడానికి వాడలో ఆడవాళ్ళు సాయం వచ్చేవారు. అంతా అయ్యాక అవ్వ ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుని ముఖం చిట్లించేది.

"పోయింది. ఉప్పు కషాయం. మా కోడలి చెయ్యే అంత."

వచ్చినవాళ్ళంతా నములుతూ నేల చూపులు చూసేవారు. కాదనే ధైర్యం ఎవరికుంది? అవ్వ లంకల్లో ఉప్పుమడుల మధ్య పుట్టింది. పెళ్ళయ్యేదాకా ఉప్పు మోసింది. ఉప్పు విషయంలో ఆవిడ తీర్పుకు అప్పీలు లేదు. యున్‌సిల్ నాలుకకు మాత్రం బాగానే ఉన్నట్టుండేది. కానీ ఏటా అదే మాట వింటూ ఉంటే ఎవరికైనా తమ నాలుక మీదే అనుమానం వస్తుంది.

అంతటితో ఆగినా బాగుండేది. అవ్వ డబ్బాలు నింపుకుని గడప గడపకీ బయలుదేరేది.

"చున్‌జా, ఏమీ అనుకోకే. మా కోడలు తగలేసింది. పారేద్దామంటే చేతులు రావడం లేదు. పులుసులో వేసైనా వదిలించు."

దర్జీ చున్‌జా, "అయ్యో, అలాగే పెద్దమ్మా" అని డబ్బా అందుకునేది. ఇంట్లో మిగిలేవి మూడు జాడీలు.

యున్‌సిల్ పరువు మెట్లు దిగి బజారుకు చేరడానికి రెండేళ్ళు పట్టింది. ఉప్పు కొట్టు ముసలాయన ఆమెను చూడగానే బస్తా వెనక్కి లాక్కున్నాడు.

"అమ్మాయ్, నీకు సగమే ఇస్తాను. ఇంటికెళ్ళి నాకు దండం పెట్టుకుంటావు."

కొడుకు పెళ్ళి మాటలప్పుడైతే మరీ ఘోరం. అమ్మాయి తల్లి టీ కప్పు కింద పెట్టి, ఎంతో మర్యాదగా, "మా హేరిన్‌కు ఉప్పు కొలత బాగా తెలుసు లెండి, మీకిక ఆ బెంగ ఉండదు" అంది. యున్‌సిల్ ఇంటికొచ్చి భర్త మీద విరుచుకుపడింది.

"మీ అమ్మ నా పరువు పక్క జిల్లాదాకా మోసింది."

"అమ్మ సంగతి తెలిసిందేగా" అన్నాడు గిల్‌సూ, పెళ్ళయిన నాటినుంచీ అంటున్నట్టే.

ఒక ఏడు యున్‌సిల్ పంతం పట్టింది. ఉప్పు సగానికి సగం తగ్గించింది. క్యాబేజీ మెత్తబడలేదు, ముద్ద పట్టలేదు, పది రోజులకే పులిసి బుడగలెత్తింది. పిల్లులు కూడా వాసన చూసి పక్కకు తప్పుకున్నాయి. అవ్వ ఒక ఆకు నోట్లో వేసుకుంది. తల పంకించింది.

"ఈసారి బ్రహ్మాండం. ఒక్క ముక్క బయటికి పోనివ్వను. అంతా మనమే తినాలి."

తిన్నారు. వసంతం దాకా తిన్నారు. ఆ చలికాలం అవ్వ ఎక్కడెక్కడో క్యాబేజీలు సంపాదించి, పక్కవాడలో ఎవరిచేతో ఉప్పు పట్టించి, ఎప్పటిలాగే డబ్బాలు పంచింది. అవీ యున్‌సిల్ తగలేసినవేనని చెప్పి మరీ పంచింది. తాను ముట్టుకోని క్యాబేజీకి కూడా నింద మోసిన కోడలు కొరియా మొత్తం మీద తానొక్కతేనని యున్‌సిల్ ఇప్పటికీ అంటుంది.

ఆమెకు కావలసింది ఒక్కటే. నలుగురి ముందు అవ్వ ఒక్కసారి, "మా కోడలి చేతి ఉప్పు సరిగ్గా ఉంది" అనాలి. అవ్వ అనలేదు. ఈ శరదృతువులో మధ్యాహ్నం సూప్ తాగి, "కాస్త చప్పగా ఉందే" అని, నడుం వాల్చి, అలాగే వెళ్ళిపోయింది.

యున్‌సిల్ కరువుతీరా ఏడ్చింది. ఏడుస్తూనే కోపగించుకుంది. ఉప్పు ఎక్కువని పేరు పెట్టి, పోయేముందు చప్పగా ఉందంటుందా?

చలి రాగానే నూట ఇరవై క్యాబేజీలు తెప్పించింది. ఈసారి తీర్పు చెప్పడానికి అవ్వ లేదు. వాడంతా కూర్చుని తినాలి, నిజం తేలాలి. ఉడికించిన పంది మాంసం పెట్టి, కొత్త కిమ్చి వడ్డించి, చున్‌జా ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"చెప్పక్కా. ఎలా ఉంది?"

"ఎప్పటిలాగే ఉంది."

"ఎప్పటిలాగే అంటే?"

"ఈ కొండమీద ఇంతకన్నా మంచి కిమ్చి ఎక్కడుంది పిల్లా? ఇన్నేళ్ళుగా తింటున్నాం."

"మరి మా అత్తయ్య ఉప్పు కషాయమని…"

చున్‌జా చాప్‌స్టిక్‌లు కింద పెట్టింది. "నీకు నిజంగా తెలీదా? మా ఆయన పోయిన ఏడు ఇంట్లో గంజి కూడా లేదు. పాపం అని పెడితే నేను తలుపు తీసేదాన్నా? పాడైందంటే తీసుకున్నాను. ఆవిడకు ఉపకారం చేస్తున్నట్టు ముఖం పెట్టి మరీ తీసుకున్నాను."

"దానికి నా పేరే దొరికిందా?"

"నేనూ అడిగాను. 'చేతకానిదాన్ని చేతకాదంటే నిజం చెప్పినట్టుంటుందే. మా కోడలి చెయ్యి బంగారం, ఎంతన్నా మాసిపోదు' అంది. నీకు చెప్పొద్దంది. తెలిస్తే ముఖంలో దాచుకోలేవట."

ఆడవాళ్ళంతా మళ్ళీ నేల చూపులు చూశారు, ఈసారి నవ్వు ఆపుకోలేక. యున్‌సిల్‌కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఒళ్ళు కూడా మండింది. ఆ ఒక్క మాటా అవ్వ అనే పోయింది. తనకొక్కదానికి తప్ప అందరికీ చెప్పి పోయింది.

సాయంత్రం కొత్త కోడలు హేరిన్‌ను వెంటబెట్టుకుని రెండు డబ్బాలతో పై మెట్లెక్కింది. చిట్టచివరి ఇంట్లో పేక్ మాస్టారు. భార్య మంచాన పడి ఏడాదైంది, ఆయన మాడబెట్టిన అన్నం వాసన వాడంతటికీ తెలుసు. తలుపు సగమే తెరిచారు.

"మాకెందుకమ్మా, ఇంట్లో అన్నీ ఉన్నాయి."

తలుపు మూసుకోబోయింది. యున్‌సిల్ నోరు దానంతటదే తెరుచుకుంది.

"మీరే ఏదో ఒకటి చెయ్యాలి మాస్టారూ. పాడైపోయింది. ఉప్పు కషాయం. మా కొత్త కోడలి చెయ్యే అంత."

మాస్టారు హేరిన్‌ను జాలిగా చూసి, తలుపు పూర్తిగా తెరిచారు. "పోనీలెండి, చిన్నపిల్ల. ఇటివ్వండి, పులుసులో వేసుకుంటాం."

పది మెట్లు దిగాక హేరిన్ ఆగింది.

"అత్తయ్యా, నేనసలు ఉప్పే ముట్టుకోలేదు."

"వచ్చే ఏడు ముట్టుకుందువుగాని, పద" అంది యున్‌సిల్.