సిటీ హాల్ మీద నల్లకోటు

మా బేస్‌మెంటులో ఐదుగురు అమ్మాయిలకు కలిపి ఒక్క నల్లకోటు ఉండేది. ఒకే కన్సల్టెన్సీ చేత అప్లై చేయించుకుని, ఒకే కాలేజీలో చేరి, ఒకే వేర్‌హౌస్‌లో అట్టపెట్టెలు సర్దేవాళ్లం. ఈ దేశంలో దిగిన నెలలోపే ప్రతి అమ్మాయీ ఆ కోటు తొడుక్కుని సిటీ హాల్ పై అంతస్తుకు వెళ్లాలి. అక్కడి అద్దాల గోడ ముందు ఫొటో దిగి, ‘మా ఆఫీసు’ అని ఇంటికి పంపాలి. ఎవరు మొదలుపెట్టారో గానీ వ్రతంలా సాగింది. సిటీ హాలే ఎందుకంటే, ఊరంతా కనిపించే ఆ అంతస్తుకు ఎవరైనా వెళ్లొచ్చు, టికెట్టు లేదు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె!

వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. మండుతూనే నేనూ ఆ ఫొటో దిగాను. నడుము దాకానే తీయాలి, లేకపోతే వేర్‌హౌస్ బూట్లు బయటపడతాయి.

ఏడాది తిరిగాక హనుమకొండ నుంచి చెల్లి ఫోన్ చేసింది. తనకూ అడ్మిషన్ వచ్చిందట, సోమవారం బ్యాంకులో రాజీనామా ఇస్తుందట. మూడుసార్లు పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం అది. వద్దని ఊరికే అంటే నేను కుళ్లుకుంటున్నానని అనుకుంటుంది. ఆ అద్దాల గోడ దగ్గరే నిలబడి, వీడియో కాల్‌లో అంతా చూపించి, నా అబద్ధం నేనే ఒప్పుకుందామని శనివారం పొద్దున్నే బయల్దేరాను. మా ఐదుగురిలో కొత్తగా దిగిన రాజమండ్రి అమ్మాయి కోటు చంకలో పెట్టుకుని నా వెంటపడింది.

పైన ఒక ముసలాయన, జనానికి ఊరు చూపించే వాలంటీరు, మురిసిపోతూ వేలు చాచాడు. చూశాను. పార్కింగ్ స్థలాలు, చదును కప్పులు, మురికి మంచు, మళ్లీ పార్కింగ్ స్థలాలు. మా కాలేజీ కంటే మా వేర్‌హౌసే పెద్దగా కనిపించింది. ఓస్, ఇంతేనా! పేరు గొప్ప, ఊరు దిబ్బ. దీన్ని చూడ్డానికి మళ్లీ లిఫ్టూ, పైనొక విజిటర్స్ పుస్తకమూ.

“అక్కా, కాస్త తిన్నగా తీయండి, బూట్లు పడకూడదు,” అంది రాజమండ్రి అమ్మాయి, అప్పుడే కోటు బొత్తాలు పెట్టేసుకుని.

“నువ్వాగమ్మా,” అని కసిరి చెల్లికి కాల్ చేశాను. ఫోన్ అటూ ఇటూ తిప్పి చూపించాను. “ఇది ఆఫీసు కాదే. సిటీ హాల్. ఎవరన్నా రావొచ్చు. నేను పెట్టెలు సర్దుత. ఆ కోటు గూడ నాది కాదు. నీ ఉద్యోగం ఇడిషిపెట్టకు, నీ కాళ్లు మొక్కుత.”

అది ఏడుస్తుందనుకున్నాను. ఫక్కున నవ్వింది.

“నాకెర్కే అక్కా. కన్సల్టెన్సీల గోడ మీద మీ నాలుగు ఫొటోలు వరుసగా అతికిచ్చిన్రు. నలుగురికి ఒక్కటే కోటు, ఒక్కటే అద్దం. చూసి కడుపు పట్టుకొని నవ్విన.”

నా చెంపలు మండాయి. ఇన్నాళ్లూ అందరినీ ఛీ అనుకున్న నేను, ఆ గోడ మీద వరుసలో మూడోదాన్నో నాలుగోదాన్నో.

“మరి తెల్సి గూడ ఎట్ల వస్తనంటున్నవే?”

“పెట్టెలు సర్దుకుంట గూడ నువ్వు వాపస్ రాలె గద. అంత పాడుగుంటే వస్తుంటివి.”

ఎందుకు వెళ్లలేదు? వెళితే ఊళ్లో నలుగురూ ఏమంటారోనని. ఆ ఒక్క ముక్క దానికి చెప్పి ఉంటే ఆగేదేమో. చెప్పడానికి సిగ్గేసింది. కోటు సంగతి ఒప్పుకున్నంత తేలిగ్గా ఇది ఒప్పుకోలేకపోయాను.

ఫోన్‌లో నా వెనక రాజమండ్రి అమ్మాయి కనిపించినట్టుంది.

“అగో, కోటు! అక్కా, అది నాకు సరిపోతదా? భుజాల కాడ జెర వెడల్పున్నట్టుంది.”

వద్దు, రావద్దు అనాలి. దానికే పైకెక్కాను.

“సరిపోతదే,” అన్నాను.

సోమవారం అది రాజీనామా ఇచ్చేసింది.