మోకాళ్ళ దాకా మట్టి

ఎల్‌బీ నగర్‌లో మా ఎదురింటివాళ్ళు దసరాకు గేటు కొనలకు బంగారు రంగు వేయిస్తున్నారు. ఆ ఘాటు వాసన కిటికీలోంచి రాగానే నాకు ఒళ్ళు మండిపోయింది. పాపం, వాళ్ళ తప్పేమీ లేదు. ఆ వాసనకు సుబ్బారావు గారి ఇల్లు గుర్తొస్తుంది, అంతే.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు వచ్చిన రోజుల్లో వాళ్ళ మేడ మీద గదిలో అద్దెకుండేదాన్ని. ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్. వేలెడంత సీసపు సిపాయిలకు రంగులు వేయడం ఆయన పిచ్చి. నిజాంల కాలంలో ఏ పటాలానికి ఏ రంగు కోటో పాత పుస్తకాల్లో వెతికి మరీ వేసేవారు. పరీక్ష కోసం రాజుల పేర్లు బట్టీపడుతున్న నా చేతికి బ్రష్ ఇచ్చింది ఆయనే. అంతా అయ్యాక, జల్లించిన రేగడి మట్టిని రంగులో కలిపి సిపాయిల మోకాళ్ళ దాకా పట్టించేవారు. ఇంత కష్టపడి వేసి మళ్ళీ ఖరాబు చేయడమెందుకని అడిగాను.

"యుద్ధంలో పోట్లాడేది కాసేపమ్మా, నడిచేది నెలల తరబడి. ఆ మట్టి లేకపోతే వీళ్ళు పెళ్ళి బ్యాండువాళ్ళే," అన్నారు.

నాకు ఉద్యోగం వచ్చి ఎల్‌బీ నగర్‌కు మారాక కూడా ఆదివారాలు వెళ్ళేదాన్ని. తర్వాత ఆయన చూపు పోయింది. అయినా ఒక్కో సిపాయిని వేలితో తడిమి, ఆ గరుకును బట్టి అది ఏ సిపాయో చెప్పేసేవారు.

ఒక దసరాకు వెళితే, వాళ్ళ కోడలు శైలజ బొమ్మల కొలువు పెట్టింది. కింది మెట్టు మీద పటాలమంతా టోపీ నుంచి బూటు దాకా బంగారు రంగులో మెరిసిపోతోంది. ఏటా వెలిసిన బొమ్మలకు రంగు వేయించడం వాళ్ళ ఆనవాయితీ. ఆ చేత్తోనే వీటికీ వేయించిందట.

"అమ్మవారి ముందు మట్టికొట్టుకుపోయిన బొమ్మలు ఎలా పెడతామండీ?" అంది నాతో.

ఆయన ఒక సిపాయిని చేతిలోకి తీసుకున్నారు. వేలు మోకాలి మీద నుంచి జర్రున జారింది. దాన్ని నా చేతిలో పెట్టి, "బాగున్నాయమ్మా," అన్నారు కోడలితో.

ఆవిడ మీద కన్నా ఆయన మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. వరండాలోకి తీసుకెళ్ళి నిలదీశాను. "బాగున్నయని ఎట్లంటరు సార్? ఒక్క మాటన్న అడగొద్దా?"

"వాళ్ళ చేతి అన్నం తింటున్నానమ్మా, అడగలేను. నువ్వు మళ్ళీ వెయ్యి. నేను తడిమి చూస్తాను."

పండగ అయ్యాక పటాలాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. బంగారాన్ని వదిలిస్తుంటే కింద ఆయన వేసిన రంగులూ ఊడొచ్చాయి. ఏడుస్తూ, తిడుతూ మొదటి వరుస పూర్తి చేశాను. చూపిద్దామనుకుంటుండగానే ఆయన పోయారు.

పెద్దకర్మ నాడు, వచ్చే కొలువుకు కావాలి, ఆ బొమ్మలు తెచ్చివ్వమని శైలజ అడిగింది. ఇవ్వనన్నాను. చుట్టాలందరి ముందూ అన్నాను. ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు.

ఇప్పటికీ మట్టి పట్టించాక కళ్ళు మూసుకుని తడిమి చూస్తాను. గరుకు చాలకపోతే గీకేసి మళ్ళీ వేస్తాను. ఆయన నేర్పినవన్నీ నేర్చుకున్నాను. మొహమాటానికి బాగుందనడం మాత్రం నేర్చుకోలేదు, నేర్చుకోను.