తడిసిన ప్లగ్గులు

నా భార్య చెయ్యి మంచిదని ఎల్బీనగర్‌లో మా గల్లీ మొత్తం నమ్మేది. ఎవరు కుట్టు మిషన్ కొన్నా, పిండి గిర్నీ పెట్టినా మొదట ఆమెతోనే మొదలుపెట్టించేవారు. నేను కిరాయికి తిప్పిన పాత కారుకు కూడా మొదటి తాళం ఆమే తిప్పింది. అందుకే అమ్మే రోజున కూడా ఆమెనే డ్రైవర్ సీట్లో కూర్చోమన్నారు.

అప్పుడు మేము చైతన్యపురిలో మూడో అంతస్తు ఇంటికి మారుతున్నాం. అక్కడ కారు పెట్టే చోటు లేదు. హయత్‌నగర్ నుంచి ఒకాయన బావమరిదిని వెంటబెట్టుకుని కొనడానికి వచ్చాడు. "నేను నడుపుకుంటా పెద్దాయనా, మూల పడెయ్య" అన్నాడు. ఆయన కాదంటే ఇక తుక్కు కొనేవాడే దిక్కు.

చలికాలం పొద్దున. బండి రాత్రంతా మంచులో తడిసింది. అలాంటప్పుడు పెట్రోలు చిక్కగా అందేలా చోక్ పూర్తిగా లాగి, యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కి వదిలి, తాళం తిప్పాలి. అంతకుమించి తొక్కకూడదు.

రాహుకాలం రాకముందే బండి కదలాలని కొనేవాడి పట్టు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాక నా భార్య తాళం తిప్పింది. ఇంజిన్ ఒక దగ్గు దగ్గి ఆగింది. ఇంకోసారి తిప్పితే అందుకునేదే. కానీ చుట్టూ జనం.

"ఏందక్కా, గట్టిగ తొక్కు!" అంది ఎదురింటామె.

"నీ చెయ్యి గూడ ముసల్దైందా వదినా?" అని నా తమ్ముడు నవ్వాడు.

ఆ మాట పడి ఆమె తొక్కింది, మళ్లీ మళ్లీ తొక్కింది. తర్వాత తమ్ముడు కూర్చున్నాడు, ఆ తర్వాత కొనేవాడి బావమరిది. అందరూ తొక్కేవాళ్లే.

"తొక్కకుర్రి! పెట్రోల్ తాగి కూసుంటది!" అని నేను అరుస్తూనే ఉన్నాను.

"జర ఆగన్నా, టైమైతున్నది" అన్నాడు తమ్ముడు.

బానెట్ ఎత్తితే గుప్పున పెట్రోలు వాసన. ఒక స్పార్క్ ప్లగ్గు విప్పి చూపించాను. నల్లగా తడిసి ఉంది.

"కార్బ్యురేటర్ మంచిగనే ఉంది. పెట్రోల్ ఎక్కువైంది, గంతే. అర్ధగంట ఆరనిద్దాం."

"అర్ధగంటకు రాహుకాలం పడ్తది పెద్దాయనా."

"అయితే రేపు రా."

"మంచి గడియల మొరాయించిన బండిని మా అమ్మ గేట్లకు రానియ్యది. ఏమనుకోకు."

వాళ్లు వెళ్లిపోయాక ప్లగ్గులన్నీ విప్పి, తుడిచి, ఆరబెట్టి బిగించాను. ఇప్పుడు చోక్ వద్దు. యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కిపట్టి తిప్పితే గాలి ఎక్కువ వెళ్లి, మిగిలిన పెట్రోలు ఆరి అందుకుంటుంది. నాకు తెలుసు. అయినా ఆమెను పిలిచాను.

"రా, నువ్వే తిప్పు."

"నా చెయ్యి ఇంకొద్దు."

"చేతిది గాదే, పెట్రోలుది."

"అందరి ముందల ఆగింది నా చేతిలనే గద."

నేనే తిప్పాను. నల్లపొగ కక్కి అందుకుంది, కాసేపటికి చప్పుడు సాఫీ అయింది. ఆమె వంటగదిలో గిన్నెలు మూటకడుతూ ఉంది, తల తిప్పలేదు. చదవడం రాయడం నాకు ముసలితనంలో వచ్చింది, ఇంజిన్ పని పడుచు వయసులోనే వచ్చింది. రెండూ కలిపినా ఆ రోజు ఆమెకు నచ్చజెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేకపోతున్నాను.

సాయంత్రం నేనే నడుపుకుంటూ బయలుదేరాను. దిల్‌సుఖ్‌నగర్ దాటేదాకా ఏ సిగ్నల్ దగ్గరా ఇంజిన్ ఆగలేదు. తుక్కు కొట్టువాడు చుట్టూ తిరిగి చూశాడు.

"గింత మంచిగ నడుస్తున్నది గద తాతా, ఎందుకిస్తున్నవ్?"

"ఇల్లు మారుతున్నం" అని తాళం అతని చేతిలో పెట్టాను.