నాలుగో ముక్క మీద బాణం గుర్తు

మా అక్క హెల్మీ రౌటియో ముప్ఫై ఒక్క ఏళ్లు యూనివర్సిటీ నేలమాళిగలో కూర్చుని పుప్పొడి లెక్కపెట్టింది. పోయిన నెల చనిపోయింది.

సరస్సు అడుగున పేరుకున్న బురదను చిటికెడు తీసి, యాసిడ్లలో ఉడికించి మైక్రోస్కోపు కింద పెడితే వేల ఏళ్ల కిందటి పుప్పొడి చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. స్ప్రూస్ చెట్ల రేణువులు ఎక్కువగా ఉంటే అప్పుడు చలి గట్టిగా ఉండేదన్నమాట. వాటి స్థానంలో పైన్ చెట్లవి పెరిగితే చలి తగ్గింది. గడ్డి పెరిగితే వానలు తగ్గాయి. ఒక్కో చిటికెడుకు మూడు వందల రేణువులు లెక్కపెట్టాలి. ఫోన్ చేస్తే, "పదివేల ఏళ్ల వెనక ఉన్నాన్రా, భోజనానికి ఆలస్యమవుతుంది," అనేది.

మిన్నెసోటా ఉత్తరాన బురద తీసేది చలికాలంలోనే. సరస్సు గడ్డకడితే దాని మీద నిలబడొచ్చు. చలికాలమంతా మంచు కింద చేపలు పట్టే నాకు మంచు కోసే రంపం, బండి ఉన్నాయి కాబట్టి యూనివర్సిటీవాళ్లు నన్నూ పిలిచేవారు. గొట్టాన్ని మీటరు చొప్పున కిందికి నెట్టి పైకి లాగాలి. లోపలి బురద ముక్కను కడ్డీలా బయటికి తోసి, ప్లాస్టిక్ పొరలో చుట్టి, పై కొస ఎటో బాణం గీయాలి. బాణం గీసేది అక్క. సిరా గడ్డకట్టకుండా పెన్ను చంకలో పెట్టుకునేది.

"ఆ పెన్ను మాత్రం నా చేతికివ్వకే తల్లీ," అనేవాడిని.

"చేపల కంపు కొట్టే చేతికి అంత శుచి కూడానా!" అనేది.

లుమ్మే సరస్సు మీద నాలుగో ముక్క తీసిననాడు ఈదురుగాలి. పెన్ను రాయలేదు. అక్క దాన్ని మళ్లీ చంకలో పెట్టుకుని అటు తిరిగి నిలబడింది. చుట్టిన ముక్క నా కాళ్లకు అడ్డమొస్తోందని ఎత్తి, తిప్పి, అవతల పెట్టాను. అక్క వచ్చి బాణం గీసింది. తిప్పానని చెప్పాలని నాకు తోచలేదు.

ఆ ముక్కలో కింద పైన్, పైన స్ప్రూస్ కనిపించాయి. అడుగు బురద పాతది, పైది కొత్తది కాబట్టి, తగ్గిన చలి మళ్లీ విరుచుకుపడిందని అర్థం. అక్క పైఅధికారి ప్రొఫెసర్ ఓస్టర్‌గార్డ్‌కు దానితోనే పేరొచ్చింది. పదకొండేళ్లు అందరూ ఆ చలి గురించి రాశారు.

పన్నెండో ఏట వేరే పనికని అక్క ముక్కలు దాచే చల్లగదిలోంచి ఆ ముక్కలో మిగిలిన సగం తీసింది. గొట్టం దిగేటప్పుడు రంధ్రం గోడలను గీసుకుంటుంది. ఆ కలగాపులగం బురద ప్రతి ముక్కకూ పై కొసన రెండు అంగుళాలు చేరుతుంది. నాలుగో ముక్కకు అది కింది కొసన ఉంది, అంటే బాణం తలకిందులైంది.

నాకు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు చెప్పాను, నేను తిప్పానని.

"తిప్పితే తిప్పావు. చూడకుండా గీసింది నేను," అంది.

"ఎవరికీ తెలీదు కదక్కా. ప్రొఫెసర్ వచ్చే ఏడు రిటైరవుతున్నాడు. వదిలెయ్యి."

"వదిలేస్తే రాని చలి వచ్చినట్టే ఉండిపోతుంది."

ఆయనతో చెప్పింది. ఆయన ఆ ముక్కను చూడనన్నాడట. "మంచు కరగడానికి ఇంకా మూడు వారాలుంది. మళ్లీ తీద్దాం. అప్పుడు నీ మాటే తప్పని తేలితే?"

"తేలితే మీకు ఏలకుల రొట్టె చేసి పెడతాను, ప్రొఫెసర్."

మార్చిలో ముగ్గురం వెళ్లాం. మంచు మీద చీలమండల లోతు నీళ్లు. ఆ లోతు ముక్క బయటికి రాగానే అక్క దాని పై కొస మీద చెయ్యి వేసి ఉంచింది. పెన్ను నన్ను పట్టుకోమంది. దాన్ని అందుకుని రెండో చేత్తో బాణం గీసేదాకా ఆ చెయ్యి తీయలేదు. ఎవరూ నవ్వలేదు.

పందొమ్మిది రోజులు లెక్కపెట్టింది. కింద స్ప్రూస్, పైన పైన్. మధ్యలో చలి తిరిగి రాలేదు.

ఓస్టర్‌గార్డ్ ఆ కాగితం చూసి తలూపి మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన కిందికి రాలేదు. పరిశోధన పత్రికకు పంపే సవరణలో, సరస్సు మీద జరిగిన పొరపాటు అని మాత్రమే రాశాడు. అక్క పైకి వెళ్లి తన పేరు కూడా రాయమంది. నా పేరు కూడా పెట్టించమని నేను అక్కను అడిగాను.

"నువ్వు రంపం మనిషివి. బాణం నీ పని కాదు," అంది.

స్థానిక పత్రిక నుంచి నివాళి రాయడానికి మొన్న ఒకావిడ వచ్చింది. ఆమె ప్రచురించినవి ఏమైనా ఉన్నాయా అని అడిగింది. ఆమె లెక్కలతో వచ్చిన వ్యాసాలు నలభై దాకా ఉంటాయి. వాటి మీద పేర్లు వేరేవాళ్లవి. నేను సవరణ ఉన్న పేజీ తీసి ఇచ్చాను. నాలుగు వాక్యాలు. మూడో వాక్యంలో, ముక్క దిశను తప్పుగా గుర్తించినది హెచ్. రౌటియో అని ఉంది.

వచ్చినావిడ రెండుసార్లు చదివింది. "ఇది వేయమంటారా?" అంది.

వేయమన్నాను. గీసింది ఆమే కాని, తిప్పింది నేనని కూడా రాసుకోమన్నాను. ఆవిడ రాసుకుంది.