పడమటి గోడకు పెట్టని సున్నం

ఆంధ్రప్రదేశ్ అయిన కొన్నేళ్లకు, హుజూరాబాద్ దగ్గర మా ఊళ్లో కొత్త ఇల్లు కట్టుకున్నాం. మట్టిగోడలు, పైన గూనపెంకులు. కప్పు పడ్డాక, బయటివైపు ఏ గోడకు ఏం పెట్టాలన్న మాట వచ్చింది. మా ఆయనకు ఎడ్లు, పొలం తప్ప మరో ధ్యాస లేదు. "నీ ఇష్టమున్నట్టు జేస్కో" అన్నాడు. కాబట్టి ఆ తర్వాత జరిగిందంతా నా ఇష్టం వల్ల జరిగిందే.

బండెడు సున్నం తెచ్చి, గానుగలో తిప్పించి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి డంగు సున్నం చేయించాం. అది ఒక్క గోడకే సరిపోతుందన్నాడు మేస్త్రి. ఇంకో బండి తెప్పించే శక్తి లేక కాదు. ఉన్నదాంతో సరిపెట్టడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. పొయ్యిలో నిప్పు ఉండగా ఇంట్లో ఎవరినీ అగ్గిపుల్ల గీయనిచ్చేదాన్ని కాదు.

మేస్త్రి మా ఊరివాడే, నన్ను అక్కా అనేవాడు. తాపీ పట్టుకుని నేరుగా ఇంటి వెనక్కి నడిచాడు.

"ఏడికి పోతున్నవ్ తమ్మీ? ముందుగోడకు పెట్టు."

"వాన పడమటి నుంచి కొడ్తదక్కా."

"సుట్టాలు తూర్పు నుంచి వస్తరు. ఎనుక గోడ ఎవడు జూస్తడు?"

"వాన జూస్తది" అని నవ్వాడు. "సుట్టాలు ఒక్కపూట తిని పోతరు. ముసురు వడ్తె వారం దాక పోదు."

నాకు నవ్వు రాలేదు. అంతకుముందు ఏడాది నిర్మల్ నుంచి మా ఆడబిడ్డ వచ్చినప్పుడు, పాత ఇంటిని చూసి, "వదినె, దూరంకెల్లి జూస్తె మీ ఇల్లు గొడ్ల కొట్టం లెక్కనే ఉన్నది" అని నలుగురిలో అన్నది. కొత్త ఇల్లు సొచ్చిన నాడు, గృహప్రవేశానికి ఆమె బండి దిగగానే తెల్లటి గోడ కనబడాలని నా పట్టుదల.

పడమటి అర్ర, అంటే ఆ వెనక గది, మా అత్తది. ఆమె గుంజ పట్టుకుని నిలబడి మా మాటలన్నీ విన్నది.

"మరి నా దిక్కు ఏం పెడ్తవు పిల్లా?"

"కందికట్టె తడక కట్టిపిస్త, మీద మట్టి మెత్తిపిస్త. మీ కాలంల గంతే గద అత్తా."

"మా కాలంల గంతే. గని ఏడాదికోపారి ఇప్పి మళ్ల కట్టేటోళ్లం. గాలి తాకకపోతె తడక ఎనుక గోడ నానుతది."

"నేను సూస్కుంట తియ్యి."

చూసుకోలేదు.

మొదటి ఏడు ఏమీ కాలేదు. ఇల్లు సొచ్చిన నాడు ముందుగోడ కోడిగుడ్డులా మెరిసింది. ఆడబిడ్డ చేత్తో రుద్ది చూసి, ఏ వంకా దొరక్క మళ్లీ రుద్దింది. ఆ సంతోషం నాకు చాలా రోజులు నిలిచింది. రెండో ఏడు మృగశిరకు ముందే తడక విప్పి కట్టాల్సింది. దుక్కులని, విత్తనాలని వాయిదా వేశాను. కట్టె ఇంకా గట్టిగానే ఉంది, మంచి కట్టెను విప్పి పారేయడం దేనికని కూడా అనుకున్నాను.

ఆ వానాకాలం ముసురు పట్టుకుని వదలలేదు. ఒకరోజు మా అత్త అర్రలోకి పోతే, గోడకు మేకులు కొట్టి చీర వేలాడదీసి ఉంది.

"ఇదేందత్తా, కొత్త గోడకు మేకులు గొట్టి తడిచీరె ఆరేస్తవా? పెచ్చులూడవా?"

"బైట వాన గద పిల్లా. ఏడ ఆరేసుకోను?"

చీర తీసేయబోయి చెయ్యి వేశాను. పైకి పొడిగా ఉంది. గోడవైపు మాత్రం చల్లగా, తడిగా ఉంది. ఆరేసిన చీర అట్లా ఉండదు. అది నాకు ఆ క్షణమే తెలిసింది. ఎత్తితే దాని వెనక ఏముందో చూడాలి, చూస్తే మేస్త్రి చెప్పిందీ, ఆమె చెప్పిందీ నిజమని ఒప్పుకోవాలి. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "రేపటికల్ల తియ్యాలె" అని గదమాయించి బయటికి వచ్చాను.

రెండు రోజులకు, పట్టపగలు, మా అత్త వంటింట్లో చింతపండు పిసుకుతుండగా పడమటి గోడ నడుము దగ్గర జారి బయటికి పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆమె మంచం మాత్రం వానలో తడుస్తూ ఉంది.

మా ఆయన పొలం నుంచి ఉరికొచ్చాడు. "గోడెట్ల వడ్డదే?"

"ఎట్లేంది, మీ అవ్వ రోజూ తడిచీరెలు ఆరేసుడే. చెప్తె ఇంటదా?"

ఆ మాట కోసం నేను వెతుక్కోనైనా లేదు. నాలుక మీద సిద్ధంగా ఉన్నట్టు వచ్చింది. ఆయన తల్లి వైపు తిరిగాడు. మా అత్త చేతులకు చింతపండు అట్లాగే ఉంది. ముందు నన్ను చూసింది.

"అవు బిడ్డా" అన్నది కొడుకుతో. "నాకే సోయి లేకపాయె."

మట్టి ఎత్తిపోస్తుంటే చీర దొరికింది. దాని కిందున్న పెళ్లల మీద వేళ్ల గుర్తులు. ఆమె లోపలి నుంచి పేడ, మట్టి కలిపి రోజూ పూస్తూ, అది నా కంట పడకుండా చీర కప్పుతూ వచ్చింది. మా ఆయన చూడకముందే ఆ పెళ్లలను పారతో చితక్కొట్టి బురదలో కలిపేశాను.

కబురంది ఆడబిడ్డ వచ్చింది. "ముందుగోడ మంచిగ మెరుస్తున్నది వదినె" అని మాత్రం అన్నది. తల్లి బట్టలు మూట కట్టి, "గోడ లేసెదాక నా దగ్గరుంటది" అని తీసుకుపోయింది.

గోడ లేచింది. ఈసారి సున్నం నేనే తెప్పించాను. మేస్త్రి రెండు పూతలు పూసి, నున్నగా రుద్దాడు. ఆరాక మా ఆయనా నేనూ బస్సులు మారి నిర్మల్ పోయాం. దారంతా ఒకటే మాట మనసులో అనుకుంటూ పోయాను: గోడ పడ్డది నా వల్ల, చీర వల్ల కాదు. అది ఆయన ముందే చెప్పాలి. చెప్పకపోతే ఆమె మళ్లీ మా ఇంట్లో ఏ ముఖంతో ఉంటుంది?

మా అత్త అరుగు మీద కూర్చుని పెసర్లు చెరుగుతోంది.

"అత్తా, గోడకు సున్నం పెట్టిపిచ్చిన. రెండు పూతలు. ఇంటికి రా."

చాట ఆపింది. నా ముఖంలోకి చూస్తూ ఆగింది. ఇంకో మాట కోసం ఆగిందని నాకు తెలుసు. మా ఆయన పక్కనే ఉన్నాడు. నేను వంగి చాటలోని రాళ్లు ఏరసాగాను.

"పెట్టిపిచ్చినవా, మంచిది" అన్నది. "గా అర్రల వడ్లు వోస్కో. తడి తాకది."

మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. "రావే అవ్వా" అని మా ఆయన ఎంతో బతిమిలాడాడు. "ఈడి పిల్లలు నాకు అలవాటైండ్రు బిడ్డా" అన్నది.

ఆమె మా ఇంటికి మళ్లీ రాలేదు. నిర్మల్‌లోనే పోయింది. మా ఆయన కూడా, తల్లి తడిచీరల వల్లే గోడ పడిందని నమ్ముతూనే పోయాడు.

ఆమె చెప్పినట్టే ఆ అర్రలో వడ్లు పోశాం. ఎన్ని ముసుర్లు పట్టినా ఒక్క గింజ కూడా ముక్కిపోలేదు.