మంజీరా పులిలో మూడు నిమిషాలు

మెదక్‌ల సిన్మా మారిందంటే రాందాస్ చౌరస్తా కాడ ముందు ఎల్లం గొంతే వినవడేది. ముప్పై ఆరేండ్ల సంది గదే పని. మొదట రిక్షా, తర్వాత జీపు, ఇప్పుడు ఆటో. మీద రెండు మైకులు, రెండు పక్కల పోస్టర్లు, లోపల ఎల్లం. పాపన్నపేట, శంకరంపేట, రామాయంపేట దాకా ఊరూరు తిరిగి ఏ సిన్మా ఆడుతున్నదో, దాన్ని ఎందుకు చూడాల్నో చెప్పేటోడు. ఇంటిపేరు ఎవలకూ యాదికి లేదు. మైకు ఎల్లం అంటేనే అందరికీ ఎరుక.

ఎల్లంకు ఒక పట్టుదల ఉండె. సిన్మా చూడకుండ దాని గురించి మైకుల నోరు తెరవడు. మొదటి ఆట చూసి, హోటల్ల ఒక చాయ తాగి, ఏం చెప్పాల్నో నోటుబుక్కుల రాసుకొని, అప్పుడు ఆటో ఎక్కుతడు. ఈ పనిలనే ఆయనకు సిన్మాల మీద ఒక లెక్క కుదిరింది. చూసొచ్చినంక చెప్పెటందుకు మాట దొరకక తిప్పలు పడ్డడంటే అది కొత్త సిన్మా. కుర్చీలకెల్లి లేవకముందే మాటలు తయారై ఉన్నయంటే పాతది. పేరు కొత్తది, హీరో కొత్తోడు, ఖర్చు కొత్తది, సరుకు మాత్రం పాతది.

ఎప్పుడో ఆయన వయసుల ఉన్నప్పుడు ఒక చిన్న సిన్మా వచ్చింది. బర్రెను దొంగిలిద్దామని కొట్టంలకు వచ్చినోడు, అది ఈనలేక అరుస్తుంటే చూడలేక, తెల్లారేదాకా దానికి పురుడు పోస్తడు. అంతే కథ. ఆ రోజు ఎల్లం రెండు చాయలు తాగిండు, మూడు కాగితాలు చింపిండు. ఆఖరికి మైకుల, "దొంగ దొరికిండా అని అడగకుండ్రి, బర్రె ఈనిందా అని అడుగుండ్రి" అన్నడు. సిన్మా నాలుగు రోజులే ఆడింది. గని ఆ ఒక్క మాట దొరికినందుకు ఎల్లం ఇప్పటికీ గర్వపడ్తడు.

ఆ తర్వాత తర్వాత వచ్చినయి చూస్తే ఆయనకు ఒళ్ళు మండేది. రెండో భాగమంట. మొదటి భాగంల సచ్చిన విలన్‌కు ఒక తమ్ముడుంటడు. మూడో భాగంల ఆ సచ్చినోడు సావలేదంటరు. నాలుగో భాగం తీస్తే ఆళ్ళ తాతను గుడ లేపుకొస్తరు. రీమేకులైతే ఇంకా ఘోరం. వేరే రాష్ట్రంల ఆడిన సిన్మాను ఎత్తుకొచ్చి, ఇల్లు అదే, వాన అదే, కొబ్బరిచెట్లు అవే, కింద మాత్రం తెలంగాణ పల్లె అని బోర్డు పెడ్తరు. మెదక్ పక్కన ఏ ఊర్ల అన్ని కొబ్బరిచెట్లున్నయో ఎల్లంకు తెల్వదు. కథ పాతదైతే ఆయనకు బాధ లేదు. మనుషులు సచ్చుడు, పుట్టుడు, కొట్లాడుడు ఎప్పుడూ ఉండేదే. దాన్ని ఒకడు సొంత కండ్లతోని చూసిండా, ఇంకొకడు చూసింది తెచ్చి మళ్ళ చూపెడ్తున్నడా, గదే ఆయన అడిగేది. ఈ ముచ్చట ఇంట్ల రోజూ నడిచేది. భార్య యాదలక్ష్మి వినీ వినీ చెవులు మూసుకునుడు నేర్చుకున్నది.

బిడ్డ కావ్య మాత్రం మూసుకోలేదు. ఆమె డిగ్రీ ఆఖరు సంవత్సరం. ఒక ఆదివారం ఇల్లు సర్దుతుంటే నాయిన పాత నోటుబుక్కులన్నీ బయటికొచ్చినయి. ఒక మూలకు కూసొని వాటిని వరుసగ చదివింది. సాయంత్రం ఎల్లం అన్నం తింటుంటే ముందర తెచ్చి పెట్టింది. "నవ్విస్తది, ఏడిపిస్తది, కూసున్న కుర్చీని మరిపిస్తది" అనే మాట నలభై ఒక్క సిన్మాలకు రాసి ఉన్నదట. ఆమె లెక్కపెట్టింది.

"సిన్మాలోళ్ళను తిడ్తవు గని నాయినా, నీ మైకు గుడ రీమేకే గదా" అన్నది.

ఎల్లం చారు పోసుకోకుండనే లేచి చెయ్యి కడుక్కున్నడు. ఇన్నేండ్లు సిన్మాలోళ్ళను చిన్నచూపు చూసిన మనిషికి, ఆ రోజు తన నోటుబుక్కులే తనను చిన్నచూపు చూసినట్టయ్యింది. పాత సరుక్కు పాత మాటలు సరిపోతయని ఆయన అనుకున్నడు. ఆ మాట బిడ్డకు చెప్పేందుకు మాత్రం నోరు రాలేదు.

అది జరిగిన నెలకు అమరేందర్ కబురు పంపిండు. అమరేందర్‌కు రైసు మిల్లుంది, భూములున్నయి, వచ్చే ఎలక్షన్ల నిలవడాలనే ఆశ ఉన్నది. కొడుకు అఖిల్ ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం వద్దని, ఒక సిన్మా తీసిండు. పేరు 'మంజీరా పులి – ఒకటో భాగం'. ఇంకా ఒక్క మనిషి చూడలేదు, అప్పుడే దానికి రెండో భాగం ఉన్నదని పోస్టర్ మీద రాసిండ్రు. ఎల్లం ఆ పోస్టర్‌ను రెండుసార్లు చదివిండు. అమరేందర్ మాత్రం ఖుషీగ ఉన్నడు. పది రోజులు అన్ని మండలాలు తిరగాలె, ఇంతవరకు ఎవ్వలూ తియ్యని ఒరిజినల్ కథ అని చెప్పాలె అన్నడు. ఎల్లం ఎప్పటి లెక్కనే, ముందు సిన్మా చూస్త అన్నడు.

పొద్దటి పూట మిల్లు పనోళ్ళ కోసం ఒక ఆట వేసిండ్రు. ఎల్లం యాదలక్ష్మిని తోలుకొని పోయిండు. తెర మీద బొమ్మ పడ్డ కాడికెల్లి ఆయన నోరు ఊకోలేదు. ఇప్పుడు గుర్రం వస్తది సూడు అన్నడు, గుర్రమే వచ్చింది. ఇప్పుడు వాడు వెనక్కి తిరక్కుంట నడుస్తడు, వెనక కారు పేలుతది అన్నడు, పేలింది. హీరోయిన్ వానల తడుస్తది అన్నడు, తడిసింది. వానాకాలం కాదు, ఆమె మీద ఒక్కతాన్నే పడ్డది. యాదలక్ష్మి మోచెయ్యితోని పొడిచి, జర నోరు మూస్కోరాదు, నన్నన్న చూడనియ్యి అన్నది. మీసాలు మెలేసే తీరు ఒక సిన్మాలకెల్లి, కత్తి తిప్పే తీరు ఇంకో సిన్మాలకెల్లి, హీరో అన్న సచ్చే తీరు మూడింట్లకెల్లి కలిపి తెచ్చిండ్రు. దీనికి ఒరిజినల్ అని మైకుల చెప్పాల్నా అని ఎల్లం పండ్లు కొరుక్కున్నడు.

అన్న సచ్చినంక, ఆ కబురు తల్లికి చెప్పే సీను వచ్చింది. తల్లి ఇప్పుడు గుండెలు బాదుకుంటది, దేవుని దిక్కు చెయ్యి చూపెడ్తది అని ఎల్లం చెప్పిండు.

తెర మీద పాపన్నపేట రోడ్డు కనవడ్డది. రోడ్డుకు ఒక పక్కన పొడుగ్గా వడ్లు ఆరబోసి ఉన్నయి. ఒక ముసలామె కాళ్ళతోని వడ్లను కదిలించుకుంట నడుస్తున్నది. పోలీసు వేషమోడు బండి మీద వచ్చి, ఆపి, దిగి, టోపీ తీసి, నీ కొడుకు ఇగ లేడమ్మా అన్నడు. ఆమె వాని మొఖం చూసింది. తర్వాత కిందికి చూసింది.

"బండి పక్కకు వెట్టు బిడ్డా. వడ్ల మీద వెట్టినవ్" అన్నది.

వాడు బండిని పక్కకు జరిపిండు. ఆమె వంగి, టైరు కింద నలిగిన వడ్లను రెండు చేతులతోని దగ్గరికి చేసింది. ఇంకోసారి చేసింది. మూడోసారి చేతులు అట్లనే వడ్ల మీద ఆగిపోయినయి. లేవలేదు, ఏడ్వలేదు. వెనకకెల్లి ఒక ట్రాక్టరు పోయింది. ఎంతసేపటికీ ఆమె చేతులు తియ్యలేదు.

ఎల్లం నోరు బందయ్యింది. పక్కన యాదలక్ష్మి కొంగు నోట్ల పెట్టుకున్నది. మూడు నిమిషాలు అయినంక డప్పులు మోగినయి, హీరో పులి లెక్క దుంకిండు, మళ్ళ ఎల్లంకు అన్నీ ముందే తెలుసుడు షురువయ్యింది. గని ఆయన ఇగ చెప్పలేదు.

బయటికొచ్చి అడిగి తెలుసుకున్నడు. తల్లి వేషానికి సిటీల కెల్లి రావాల్సిన ఆమె ఆ రోజు రాలేదట. ఆ రోడ్డు మీద తన వడ్లు తాను ఎండబోసుకుంటున్న ఐలమ్మ అనే ముసలామెను నిలవెట్టిండ్రు. వేషమోడు బండిని నిజంగనే ఆమె వడ్ల మీద పెట్టిండు. ఆమె అన్నది రాసిచ్చిన మాట కాదు. కెమెరా బంద్ చెయ్యాలని ఎవలకూ తోచలేదు, మళ్ళ తీద్దామంటే వెలుగు పోయింది. అట్ల మిగిలింది ఆ సీను.

ఎల్లం హోటల్ల కూసున్నడు. మూడు చాయలైనయి. మర్నాడు ఆటో పాపన్నపేట దిక్కు బయలెల్లింది. మైకుల ఆయన ఇట్ల అన్నడు: "ఈ సిన్మాల ఫైట్లున్నయ్, పాటలున్నయ్. మీరు ఇంతకుముందు చూసినయే, గవి చెప్పి మీ టైం ఖరాబు చెయ్య. మీ ఐలమ్మ ఉన్నది. కొడుకు సచ్చిండని పోలీసాయన వచ్చి చెప్తడు. ఆమె ఏమంటదో నేను చెప్ప. మీరు అనుకున్నది మాత్రం అనది. వచ్చి చూడుండ్రి."

జనం షేర్ ఆటోలు పట్టుకొని వచ్చిండ్రు. ఆ సీనుకు హాలంత గప్‌చుప్ అయ్యేది. అది అయిపోయి పులి దుంకంగనే కొందరు లేచి బయటికి పోయేటోళ్ళు. రెండో రోజుకు, ఐలమ్మ ఎన్ని గంటలకు వస్తది అని గేటు కాడ అడుగుడు మొదలైంది. అమరేందర్ మిల్లుకు పిలిపిచ్చి మస్తు కోపం చేసిండు. లక్షణంగ తీసిన సిన్మాను పట్టుకొని చూసినయే అని మైకుల చెప్పుడేంది, నా కొడుకు పేరు ఒక్కసారన్నా చెప్పినవా అన్నడు. ఎల్లం ఒక్కటే మాట అన్నడు.

"అబద్ధం చెప్పిన్నా సార్?"

అమరేందర్ ఆ పూటనే ఎల్లంను పనిలకెల్లి తీసేసిండు.

సిన్మా మూడు వారాలు ఆడింది. గుర్రం సీన్ల వల్లనే ఆడిందని అమరేందర్ అనుకున్నడు, అసలు ఎందుకు ఆడిందో అఖిల్‌కు మాత్రం కొంచెం సమజైంది. ఆ సమజైన కొంచెమే అసలు నష్టం చేసింది. రెండో భాగంల ఐలమ్మ మాటను నాలుగుసార్లు పెట్టాలని అఖిల్ రాసుకున్నడు. విలన్ కారు ఆపితే ఆమె అంటది, హెలికాప్టర్ దిగితే ఆమె అంటది. ఆమెను షూటింగుకు తోలుకొచ్చెటందుకు మనుషులు పోతే, ఊర్ల నా పేరు చెప్పిన మైకాయన వస్తేనే వస్త అన్నదట. ఇష్టం లేకున్నా, ముసలామె ఒక్కతే పోవద్దని ఎల్లం వెంట పోయిండు.

మిల్లు వెనక జాగల కొత్త రోడ్డు వేసిండ్రు. దాని మీద లారీకెల్లి వడ్లు దింపి చక్కగ నెరిపిండ్రు. ఐలమ్మకు కొత్త చీర కట్టి, దానికి మళ్ళ మట్టి పూసిండ్రు. పెద్ద నల్ల కారు వచ్చి వడ్ల మీద ఆగింది. అందరూ ఆమె దిక్కు చూసిండ్రు. ఆమె ఊకనే నిలవడ్డది. అఖిల్ దగ్గరికొచ్చి, అప్పుడు అన్నట్టే అను అవ్వా అని నిమ్మళంగ చెప్పిండు. మళ్ళ కారు వచ్చింది. మళ్ళ ఆమె ఏమీ అనలేదు. ఐదోసారికి అఖిల్ చెమటలు తుడుచుకుంట, ఏమైందవ్వా అని అడిగిండు.

"ఇవి ఎవల వడ్లు బిడ్డా?" అన్నది ఐలమ్మ.

"మన మిల్లువే అవ్వా. షూటింగు కోసం పోసినం."

"షూటింగు వడ్లాయె. పెట్టుకోనీ తియ్యి" అన్నది.

ఎల్లంకు నవ్వాగలేదు. కెమెరాలు, గొడుగులు, కుర్చీల మీద పేర్లు, అంత పెద్ద కారు, అన్నీ ఆ ఒక్క మాటకు ఎందుకూ పనికిరానియైనయి. ఐలమ్మకు మాత్రం నవ్వెందుకో అర్థం కాలేదు. ఇంటికాడ కళ్ళంల పనున్నదని ఎల్లంను తొందర పెట్టింది. ఎల్లం ఆమెను ఆటోల ఎక్కించుకొని పాపన్నపేటల దింపొచ్చిండు.

తర్వాత ఆ వేషానికి సిటీల కెల్లి ఒక పేరున్న ఆమెను తెచ్చిండ్రు. ఆమె ఆ మాటను కండ్లెర్ర చేసి, చెయ్యెత్తి, వెనక నగారాలు మోగుతుంటే అన్నది. నాలుగుసార్లు అన్నది. ఎల్లం టికెట్టు కొనుక్కొని పోయి, రెండోసారికే లేచొచ్చిండు. ఇంటికొచ్చి యాదలక్ష్మితోని, ఇంతవరకు వేరేటోళ్ళయి దొంగిలిచ్చిండ్రు, ఇప్పుడు తమ ఇంట్లయే దొంగిలిచ్చుకుంటున్నరు అన్నడు. సిన్మా ఐదు రోజులకు పోయింది. మెదక్ జనానికి టేస్టు లేదని అమరేందర్ కనవడ్డోళ్ళకల్ల చెప్పిండు.

సిన్మాలకు ఇగ ఎవలూ పిలుస్తలేరు. ఎల్లం ఇప్పుడు కంటి దవాఖాన క్యాంపులకు, ఇంటి పన్నుల గడువుకు మైకు పట్టుకుంటున్నడు. ప్రతిసారి కొత్తగ రాసుకుంటడు. రాసింది కావ్యకు చూపెడ్తడు. ఆమె బాగున్నదని ఊకె అనది.

మొన్న చౌరస్తా హోటల్ల ఎల్లం చాయ తాగుతుంటే అఖిల్ ఒక్కడే వచ్చి ఎదురుంగ కూసున్నడు. మనిషి చిక్కిండు. మూడో భాగం రాస్తున్న, ఈసారి నిజంగ కొత్తగ ఉండాలె, ఏం పెట్టాల్నో నువ్వే చెప్పు అంకుల్ అని అడిగిండు. పిల్లగాని మొఖం చూస్తే ఎల్లంకు ఒక్క ఘడియ జాలేసింది.

"నాకు తెల్వదు బాబు. నాకు తెలిస్తే గది గుడ పాతదే అయితది" అన్నడు.

అఖిల్ రాసుకుందామని ఫోను తీసి, మంచి డైలాగుంది అంకుల్, ఇంకోసారి చెప్పు అన్నడు. ఎల్లం గ్లాసు కింద పెట్టి, ఆటో తాళం అందుకొని లేచిండు.